వదిన ఎందుకొచ్చినట్టు?

సీరియల్ ఆఫీసులో ఆమెను అందరూ కారణాలమ్మ అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే అంటారు. ఆమె కూడా ఇంట్లో పిలిచినంత మామూలుగా పలుకుతుంది. ఆ ఆఫీసులో కథ నడిచే తీరు అలాంటిది మరి. ఏం జరగాలో ముందు తేలిపోతుంది, ఎందుకు జరగాలన్నది తీరిగ్గా తర్వాత వెతుక్కుంటారు. ఒక నటుడికి ఇంకోచోట పెద్ద వేషం దొరికిందంటే ఇక్కడ అతని పాత్ర ఓడెక్కి దేశాలు పట్టిపోవాలి. చూసేవాళ్ళు తగ్గారంటే ఎన్నడూ నోరెత్తని కోడలు ఆ గురువారం మొగుడి చెంప వాయించాలి. ఇవన్నీ తేల్చేది పెద్ద రచయిత. ఆయన్ను మేస్త్రీ అంటారు. మేస్త్రీ గోడలు లేపుతాడు, పూత పూసేది కారణాలమ్మ. ఎందుకు పోయాడు, ఎందుకు కొట్టింది అంటే, జనం 'అవును మరి, ఎవరికైనా ఒళ్ళు మండదూ' అని తలాడించేలా ఒక కారణం రాసి పెట్టాలి. ఎనిమిదేళ్ళుగా ఆమె అన్నం ఆ పూతలోంచే వస్తోంది.

ఆ మంగళవారం మధ్యాహ్నం మేస్త్రీ టీలో బిస్కెట్టు ముంచుకుంటూ, శుక్రవారం ఎపిసోడ్‌లో మేనత్త ఇల్లు వదిలిపోవాలని చెప్పాడు. మేనత్త అంటే సీరియల్లో హీరోకి మేనత్త. ఆరువందల ఎపిసోడ్లుగా ఆ ఇంట్లో అందరి కళ్ళూ తుడిచిన మనిషి. అసలు సంగతేమిటని కారణాలమ్మ అడిగింది. అసలు సంగతి కుర్చీ. షూటింగు దగ్గర నీడలో మూడే కుర్చీలుంటాయి, డైరెక్టరుకొకటి, హీరోకొకటి, హీరోయినుకొకటి. మేనత్త వేషం వేసే ఆవిడకు అరవై దాటాయి, మోకాళ్ళు సహకరించవు. షాటుకీ షాటుకీ మధ్య కూర్చోవడానికి ఒక కుర్చీ వేయించమని నిర్మాతను అడిగింది. వేయించలేదు. రెండోసారి నలుగురి ముందు అడిగింది. నలుగురి ముందు నన్ను నిలదీస్తుందా అని ఆయనకు కోపం నషాళానికి అంటింది.

"ఊరికే పంపిస్తే జనం మనల్ని తిడతారు. జనమే ఆవిణ్ణి పొమ్మనాలి. అలాంటి కారణం కావాలి నాకు" అన్నాడు మేస్త్రీ.

కారణాలమ్మ పాపం అనుకుంది. అనుకుని పెన్ను మూత తీసింది.

కానీ ఆ వారం ఆమె మనసు ఆఫీసులో లేదు. ఇంట్లో ఇంతకంటే పెద్ద చిక్కుముడి కూర్చుని ఉంది. ఆదివారం పొద్దున్నే వాళ్ళాయన అక్కగారు దిగింది. ముందురోజు ఫోనులో 'వస్తున్నా' అని ఒక్క ముక్క చెప్పింది, అంతే. రెండు సంచులు తెచ్చింది, అందులో ఒకటి ఇద్దరు పట్టి దింపాల్సినంత బరువు. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేదు. పదకొండేళ్ళలో వదిన ఈ గడప తొక్కింది నాలుగే నాలుగుసార్లు, ప్రతిసారీ ఎవరికో ఒంట్లో బాగుండకో, ఏదో శుభకార్యానికో. ఇప్పుడు ఏ పనీ లేదు, పర్వమూ లేదు. మరి ఎందుకొచ్చినట్టు?

అదే మాట ఆమె మొగుడిని అడిగింది. ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు, తెల్లారి ఆరింటికి పోయి మధ్యాహ్నం రెండున్నరకు వస్తాడు. రోజంతా మనుషుల ఎముకలు చూసి చూసి, ఎముక విరగనంతవరకూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదని ఆయన నమ్మకం. "మా అక్క మా ఇంటికి రావడానికి కారణం దేనికే?" అని, చొక్కా కొక్కేనికి తగిలించి పడుకున్నాడు.

ఆమెకు మాత్రం కారణం లేని రాకపోకలు అరగవు. వృత్తి అలాంటిది. సీరియల్లో ఎవరైనా తలుపు తీశారంటే ఆ వెనక ఒక కారణం ఉంటుంది, అది ఆమె రాసిందే. అందుకని వదినను చూడటం మొదలుపెట్టింది. సోమవారం వదిన వంటింట్లో డబ్బాలన్నీ ఒక్కొక్కటే మూత తీసి చూసి మళ్ళీ పెట్టింది. ఏం కావాలని అడిగితే ఏమీ వద్దంది. ఆరిన బట్టలు మడతపెట్టి, ఎవరివి ఏ అరలో ఉంటాయో అడిగి తెలుసుకుని మరీ సర్దింది. రెండోరోజుకు ఇక అడగలేదు, తనే సర్దింది. పక్క ఫ్లాటావిడతో ఒక్కరోజులో పిల్లల పేర్లదాకా పోయింది. గ్యాసు బండ ఎన్ని రోజులు వస్తుంది, పనిమనిషి ఏ పూట మానేస్తుంది, నీళ్ళు ఎప్పుడు ఆగుతాయి, అన్నీ కనుక్కుంది. చుట్టపుచూపుగా వచ్చిన మనిషికి నీళ్ళు ఎప్పుడు ఆగుతాయో దేనికి?

మంగళవారం పొద్దున మరీ ఘోరం. కారణాలమ్మ స్నానం చేసి వచ్చేసరికి వదిన చిన్నగదిలో ఉంది.

ఆ చిన్నగది గురించి చెప్పాలి. కూతురు హాస్టలుకు వెళ్ళాక రెండేళ్ళ కిందట ఆ గది కారణాలమ్మకు దక్కింది. అంతకుముందు ఆరేళ్ళు ఆమె పొయ్యి పక్కన గట్టుమీద కాగితాలు పెట్టుకుని రాసింది. పులుసు చుక్కలు పడ్డ స్క్రిప్టులు ఆఫీసుకు పట్టుకెళ్ళి నవ్వులపాలైంది. ఇప్పుడు ఆ గదిలో ఒక పాత టైపు నేర్పే ఇన్‌స్టిట్యూటు మూతపడితే కొన్న బల్ల ఉంది. గోడ నిండా గుండుసూదులతో గుచ్చిన చీటీలున్నాయి, చీటీకొక పాత్ర, పాత్ర కిందొక కారణం. తలుపేసుకుంటే ఎవరూ తట్టరు. ఈ లోకంలో ఆమెది అని చెప్పుకోదగ్గ చోటు అదొక్కటే.

ఆ గది గోడను వదిన జానలతో కొలుస్తోంది. చెయ్యి చాచి, బొటనవేలు ఆనించి, చిటికెన వేలు ఎక్కడికొస్తే అక్కడ మళ్ళీ బొటనవేలు పెట్టి, పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది. మరదలిని చూడగానే ఆ చేత్తోనే గోడ మీద లేని దుమ్ము దులిపింది.

"గాలి బాగా వస్తుందమ్మా ఈ గదికి" అంది.

కారణాలమ్మకు వెంటనే ఫ్లాటు కాగితాలు గుర్తొచ్చాయి. వాటిలో వదిన సంతకం కూడా ఉంది. ఎప్పుడో కొన్నప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి పెట్టారు, ఆ సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. ఎత్తలేదంటే మర్చిపోయారనా, సమయం కోసం ఆగారనా?

దానికితోడు రోజూ పదింటికి వదిన గుడ్డసంచి చంకకు తగిలించుకుని బయటికి పోతుంది. పన్నెండున్నరకు వస్తుంది. సంచి పోయినప్పుడు ఎంత ఖాళీయో వచ్చినప్పుడూ అంతే. ఎక్కడికని అడిగితే "అలా కాస్త తిరిగొచ్చా" అంటుంది. మోకాళ్ళ పట్టీ వేసుకునే మనిషి రెండున్నర గంటలు ఏం తిరుగుతుంది? బుధవారం పొద్దున చెత్తబుట్ట ఎత్తుతుంటే ఆ సంగతీ తేలింది. బుట్టలో బ్యాంకు టోకెన్ చీటీలు నలిపి పడేసి ఉన్నాయి. విప్పి చూసింది. వీధి చివర బ్యాంకువే. ఒకటి నలభై ఏడు, ఒకటి ఎనభై మూడు, రెండూ మంగళవారానివే. వదిన ఖాతా వాళ్ళ ఊళ్ళో ఉంది, ఇక్కడ ఏ బ్యాంకులోనూ ఆమెకు పని లేదు. ఒక్కరోజులో రెండుసార్లు టోకెన్ తీసుకునేంత పని అసలే లేదు. కాగితాలేవో సిద్ధమవుతున్నాయి. కారణాలమ్మ ఆ చీటీలు సాపు చేసి తన డైరీలో పెట్టుకుంది, ఏ కోర్టుకు చూపించాలనో ఆమెకే తెలియాలి.

బుధవారం మధ్యాహ్నం మేస్త్రీ కారణం అడిగాడు. ఆమె మూడు పట్టుకెళ్ళింది. మేనత్తకు ఆశ పుట్టిందంటే పాచిపోయిందన్నాడు. అసూయ అంటే రెండువందలవ ఎపిసోడ్‌లో వాడేశామన్నాడు. మతిమరుపు జబ్బంటే జాలిపడి జనం ఉత్తరాలు రాస్తారన్నాడు. కారణాలమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆ క్షణాన ఆమెకే తెలియదు. చెయ్యి చాచి గోడమీద జాన పెట్టింది. మళ్ళీ జాన పెట్టింది.

"ఇంట్లో ఎవరూ లేనప్పుడు మేనత్త చిన్నకోడలి గది కొలుస్తుంది" అంది.

మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ తర్వాత ఆమె ఆపినా ఆగేది కాదు. రోజూ పదింటికి బయటికి పోవడం, ఖాళీ సంచి, చెత్తబుట్టలో టోకెన్లు, పాత కాగితాల్లో ఎప్పటిదో సంతకం, ఇన్నాళ్ళూ కళ్ళు తుడిచింది ఇల్లు ఎవరిదో అంచనా కట్టడానికేనని చిన్నకోడలు నిలదీయడం, మేనత్త నోట మాట రాకపోవడం. మేస్త్రీ చెమర్చిన కళ్ళతో విన్నాడు. ఇవన్నీ ఎక్కడ్నుంచి తవ్వి తెస్తావమ్మా అని అడిగాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమె నడక తేలిగ్గా ఉంది. కాస్త గర్వంగా కూడా ఉందని ఒప్పుకోవాలి.

ఆ రాతలో ఒక తిరకాసు ఉంది. రాసినదాన్ని తను నమ్మకపోతే ఆమె రాయలేదు. చిన్నకోడలు నిలదీసే మాటలు రాస్తున్నంతసేపూ ఆమె చెంపలు వేడెక్కాయి. అప్పటిదాకా వదిన మీద ఉన్నది అనుమానం. పద్నాలుగు పేజీలు పూర్తయ్యేసరికి అది నిజమైపోయింది. వదిన టీ తెచ్చి తలుపు బయటే పీట మీద పెట్టి, చప్పుడు కాకుండా వెళ్ళింది. పిల్లిలా ఎలా నడుస్తుందో చూడు అనుకుంది కారణాలమ్మ, ఆ మాట కూడా స్క్రిప్టులో వాడుకుంది.

గురువారం దిద్దిన పేజీలు ఇవ్వడానికి షూటింగుకు వెళ్ళింది. మేనత్త వేషం ఆవిడ గోడకు వీపు ఆనించి, ఒక కాలి బరువు ఇంకో కాలిమీదికి మార్చుకుంటూ నిలబడే చదువుతోంది. నీడలో మూడు కుర్చీలూ ఉన్నాయి. హీరో ఇంకా రాలేదు, అతని కుర్చీ మీద అతని తువ్వాలు ఉంది. ఆవిడ చివరి పేజీ చదివి, కాగితాలు అంచులు సమంగా వచ్చేలా అరచేతిలో తట్టింది.

"బాగా కుదిరిందమ్మా. ఇది చదివితే నన్ను నేనే ఇంట్లోంచి గెంటేస్తాను" అంది.

కోపంగా అనలేదు, పనివాడు ఇంకో పనివాడి పనిని మెచ్చుకున్నట్టే అంది. తర్వాత జాన ఎలా పెట్టాలో చూపించమంది. కారణాలమ్మ గోడ మీద పెట్టి చూపించింది. ఆవిడ రెండుసార్లు పెట్టి చూసుకుంది, వేళ్ళు వంకరపోయి ఉన్నాయి, అయినా వదిన పెట్టినట్టే పెట్టింది. కారణాలమ్మ ఆ తువ్వాలు వేసి ఉన్న కుర్చీ వైపు చూసింది. తెచ్చి ఆవిడకు వేద్దామా అనుకుంది. డైరెక్టరు అటే చూస్తున్నాడు. ఆలస్యమవుతోందని తనకు తాను చెప్పుకుని వచ్చేసింది. కారణం దొరకని రోజు ఆమెకు ఎన్నడూ లేదు.

శుక్రవారం పొద్దున పదింటికి వదిన గుడ్డసంచి తగిలించుకుంది. ఐదు నిమిషాలాగి కారణాలమ్మ వెనకే బయల్దేరింది. ఇవాళ చేతికి చిక్కుతుంది, ఆ కాగితాలేమిటో, పక్కనున్న లాయరెవరో చూద్దామనుకుంది. వదిన ఎటూ తిరగలేదు. ఇనుప గ్రిల్లు ఊచ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి బ్యాంకులోకి వెళ్ళింది. కారణాలమ్మ పక్కనున్న జిరాక్సు కొట్టు దగ్గర నిలబడి అద్దంలోంచి చూసింది.

వదిన మిషను దగ్గర టోకెన్ తీసుకుంది. మూడో వరస చివరి కుర్చీలో కూర్చుంది. సంచిలోంచి కళ్ళజోడు తీసి తుడుచుకుని, గోడమీద మారే నంబర్లు చూస్తూ కూర్చుంది. పక్కన కూర్చున్న ముసలాయన ఫారం తిప్పి తిప్పి చూస్తుంటే అందుకుని నింపిపెట్టింది. ఒక పసిబిడ్డ తల్లి లేచి కౌంటరుకు వెళ్తే, బిడ్డను ఒళ్ళో పెట్టుకుంది. ఇరవై నిమిషాలైంది, అరగంటైంది. వదిన నంబరు వచ్చింది. మోగింది, ఎర్రగా వెలిగింది. వదిన కదల్లేదు. నంబరు మారిపోయింది. కాసేపటికి లేచి వెళ్ళి ఇంకో టోకెన్ తీసుకుని అదే కుర్చీలో కూర్చుంది.

కారణాలమ్మ జిరాక్సు కొట్టతను రెండోసారి ఏం కావాలమ్మా అని అడిగేదాకా అక్కడే ఉండిపోయింది. బ్యాంకు ముందున్న కాపలా మనిషి బీడీ కోసం పక్కకొస్తే, ఏమీ తెలియనట్టు, మూడో వరసలో ఆ పెద్దావిడకు ఏదో పని కావడం లేనట్టుందని కదిపింది.

"ఆవిడకు పనేం లేదమ్మా. తమ్ముడింటికొచ్చిందంట. మరదలు టీవీకి రాస్తుందంట. ఇంట్లో తనుంటే ఆయమ్మ పలకరించాలి, టీ పెట్టాలి, రాత పాడవుద్దని ఇక్కడికొచ్చి కూర్చుంటుంది. ఫ్యానుంది, మంచినీళ్ళున్నాయి. టోకెనుంటే మా మేనేజరు కూడా ఏమనడు" అన్నాడు.

ఆయన బీడీ సగంలో ఉండగానే కారణాలమ్మ ఇంటి దారి పట్టింది. నిజం చెప్పొద్దూ, దార్లో ఒకసారి ఆ మాటనూ అనుమానించింది. కాపలావాడికి వదిన కావాలని అలా చెప్పి పెట్టిందేమో అని. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఇంటికొచ్చి మేస్త్రీకి ఫోను చేసింది. ఎపిసోడ్ ఛానెలుకు వెళ్ళిపోయిందన్నాడు. పోనీ ఆ గోడ కొలిచే ముక్క ఒక్కటి తీసేయించమంది. నీకేమైనా పిచ్చా, దాన్నే పొద్దుటినుంచి ముందుగా వేసి చూపిస్తున్నారు, ఆరువందల ఎపిసోడ్లలో అంత బాగా ఏదీ కుదరలేదు అన్నాడు. ఎందుకు తీసేయాలో ఒక కారణం చెప్పమన్నాడు. ఆమె చెప్పలేక ఫోను పెట్టేసింది.

సీరియల్ ఏడింటికి వస్తుంది. వదిన ఊళ్ళో ఉన్నప్పుడు కూడా ఒక్కరోజు తప్పకుండా చూస్తుంది. మధ్యాహ్నం నుంచి కారణాలమ్మ నానా పాట్లూ పడింది. సాయంత్రం పార్కుకు వెళ్దామంది. నీ సీరియల్ టైముకు వచ్చేద్దామంటే వెళ్దామంది వదిన. బట్టలు కొందామంది, వద్దంది. తలనొప్పిగా ఉంది టీవీ పెట్టొద్దంటే, సౌండు తగ్గించి పెడతాలే అంది. ఆరూ యాభైకి వదిన ముఖం కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, పెళ్ళికొచ్చినట్టు సోఫా అంచున కూర్చుంది. ఎక్స్‌రే ఆయన కూడా పక్కన కూలబడి ఫోను చూసుకుంటున్నాడు. కారణాలమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. అక్కడినుంచి ఆమెకు టీవీ కనపడదు, వదిన కనపడుతుంది.

మేనత్త గదిలోకి రాగానే వదిన కాస్త ముందుకు వంగింది. తెరమీద గోడకు జాన పడగానే వదిన కుడిచెయ్యి, ఒళ్ళో వెల్లకిలా ఉన్నదల్లా, మెల్లగా వేళ్ళు ముడుచుకుంది. అంతే. ముఖంలో ఏమీ లేదు. పదింటికి బయటికి పోవడం వచ్చింది, ఖాళీ సంచి వచ్చింది, చెత్తబుట్ట వచ్చింది. చిన్నకోడలి గొంతు ఇల్లంతా మోగింది. తను రాసిన ఒక్కో మాటా ఆ గదిలో తనకంటే పొడుగ్గా లేచి నిలబడుతుంటే కారణాలమ్మ తలుపు చెక్కను గోరుతో గీకుతూ ఉండిపోయింది. ఎక్స్‌రే ఆయన మధ్యలో తలెత్తి, "ముసల్ది గట్టిదే" అని మళ్ళీ ఫోనులోకి దిగాడు.

అయిపోయాక వదిన లేచి తను తాగిన గ్లాసు కడిగి బోర్లించింది.

"బాగా రాశావమ్మా. ఆ నటికి మాత్రం మోకాళ్ళ నొప్పులున్నట్టున్నాయి పాపం. మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టుకీ ఎడంకాలే ముందు వేస్తోంది" అంది.

శనివారం ఎక్స్‌రే ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి రెండు సంచులూ గుమ్మం పక్కన ఉన్నాయి. వదిన చెప్పులు తుడుచుకుంటోంది. మూడున్నర బస్సుకు వెళ్తానంది. ఆయన తెల్లబోయాడు. ఇంకో నెల్లాళ్ళుంటావనుకున్నాను, ఇంతలో ఏం ముంచుకొచ్చిందన్నాడు. ఇంటి ఓనరు రంగులు వేయిస్తున్నాడట, సామాన్లు జరపాలి అంది వదిన. మొన్న వేసవిలోనే కదా వేయించాడన్నాడాయన. ఇవి కిటికీలకంది. కిటికీలకు రంగేస్తే నువ్వెందుకన్నాడు. ఎముకలు తప్ప ఏమీ చూడడనుకున్న మనిషి ఆ రోజు వదలలేదు. అక్కను చూసి, పెళ్ళాన్ని చూసి, "మీ ఇద్దరి మధ్యా ఏమైనా అయిందా?" అన్నాడు.

వదిన చెప్పు తుడవడం ఆపి మరదలి వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా వాడికి. పొద్దున ఓనరు ఫోను చేస్తే నువ్వూ విన్నావుగా" అంది.

ఎవరూ ఫోను చేయలేదు. కానీ వదిన అడుగుతున్నదేమిటో కారణాలమ్మకు అర్థమైంది. తన కారణం నిలబడలేదు, నువ్వు నిలబెట్టు అంటోంది. ఆమెకు అదెంత పని? కిటికీ రంగుకు ఒక వానను జోడిస్తే చాలు, చెమ్మకు తడిసే ఒక ట్రంకు పెట్టెను పెట్టి, పెట్టెలో వాళ్ళమ్మ ఫొటోలున్నాయంటే చాలు, ఆయనే స్వయంగా ఆటో పిలుచుకొస్తాడు. అన్నీ నాలుక చివరకు వచ్చాయి. ఒప్పుకుంటే గది తనకు మిగులుతుంది, మొగుడి దగ్గర పరువు మిగులుతుంది, వదిన మర్యాదగా వెళ్తుంది. ఇంతకంటే చక్కగా ఏ ఎపిసోడూ ముగియదు.

"రంగులూ లేవు, ఏమీ లేవండీ" అంది. "వదిన ఉండిపోదామని వచ్చింది, గ్యాసూ నీళ్ళూ అన్నీ కనుక్కున్నది అందుకే. మనం అడుగుతామేమో అని ఆరు రోజులు చూసింది. నేను అడగలేదు. అడక్కపోగా నిన్న టీవీలో మీరు చూశారే, గోడ కొలవడం, టోకెన్లు, అదంతా వదినను చూసి రాశాను. దొంగను చేసి రాశాను."

ఎక్స్‌రే ఆయన అరిస్తే బాగుండుననిపించింది ఆమెకు. ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చుని, చేతిలో ఉన్న టిఫిను డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కొలిచిన మాట నిజమే" అంది వదిన, చెప్పులు వేసుకుంటూ. "నీ బల్ల జరిపితే నా మంచం పడుతుందేమో చూశాను. పడదు. ఒక జాన తక్కువైంది. నువ్వెందుకు చెప్పావు వాడికి? నేను బాగానే వెళ్ళిపోయేదాన్ని."

ఉండమని కారణాలమ్మ అడిగింది. రెండుసార్లు అడిగింది. వదిన తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడుంటే నువ్వు తప్పు చేశావు గనక ఉన్నట్టవుతుంది. రోజూ నన్ను చూసినప్పుడల్లా నీకు అదే గుర్తొస్తుంది. అలా ఉండకూడదమ్మా" అంది. తమ్ముణ్ణి కూర్చోమని, మరదలు దింపుతుందని చెప్పి మెట్లు దిగింది. కారణాలమ్మ బరువు సంచి ఎత్తుకుని వెనకే నడిచింది.

బస్టాపులో ఇద్దరే ఉన్నారు. ఎండ ఏటవాలుగా బెంచీ మీద సగానికి పడుతోంది, వదిన ఎండ ఉన్నవైపు కూర్చుంది. చివరికి కారణాలమ్మే అడిగింది, ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడు ఎందుకు రావాలనిపించిందని. ఈసారి ఆ ప్రశ్నలో అనుమానం లేదు, తెలుసుకోవాలని ఉంది.

వదిన వీధివైపు చూస్తూ చెప్పింది. తను ఒక్కతే ఉండే ఆ ఇంటికి పోయిన నెలలో ఒకరోజు మంచినీళ్ళ డబ్బా అతను వచ్చాడట. అక్కడ పెట్టు నాయనా అందామని నోరు తెరిస్తే మాట రాలేదట. గొంతుకేమైందో అని భయపడిందట. దగ్గి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ప్రయత్నిస్తే వచ్చిందట, తుప్పుపట్టిన తలుపు తీసినట్టు. అతను వెళ్ళాక కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, తను మాట్లాడి నాలుగు రోజులైంది. ఎవరితోనూ పేచీ లేదు, ఎవరూ తిట్టలేదు. అసలు మాట్లాడే పనే పడలేదు, అంతే.

"నవ్వొస్తుంది చెప్తే. దీనికోసం సామాను కట్టుకుని వస్తారా ఎవరైనా? అందుకే చెప్పలేదు. బ్యాంకులో నయం, పక్కవాళ్ళు టైమెంతయింది అనైనా అడుగుతారు" అంది.

ఎనిమిదేళ్ళలో ఎంతమంది మనుషులకు కారణాలమ్మ కారణాలిచ్చింది. ఆస్తికిచ్చింది, పగకిచ్చింది, ప్రేమకిచ్చింది. ఒక మనిషి గొంతు పెగలక ఇల్లు వదిలి రావడమన్నది ఒక్కసారీ తట్టలేదు. తట్టినా మేస్త్రీ కొట్టేసేవాడు. ఆమెకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. వదిన చూసి, చూడనట్టు అటు తిరిగి, మీ వీధిలో మందుల కొట్టతను మంచివాడు గానీ చిల్లర ఇవ్వడు అని చెప్పడం మొదలుపెట్టింది. అక్కడినుంచి పక్క ఫ్లాటావిడ కోడలి మీదికి పోయింది, అక్కడినుంచి కాపలా మనిషి కూతురి చదువు మీదికి. కారణాలమ్మ వింటూ కూర్చుంది.

బస్సు వచ్చి ఆగింది. వదిన మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, చిన్నసంచి భుజానికి తగిలించుకుని, పెద్దసంచి కోసం చెయ్యి చాచింది.

"ఇటివ్వమ్మా."

"ఇవ్వను" అంది కారణాలమ్మ.

"ఏం? ఎందుకివ్వవు?"

కండక్టరు తలుపులోంచి వంగి, ఎక్కుతారా లేదా అని అడిగాడు. లోపల ఎవరో విసుక్కున్నారు. వదిన చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. ఏదో ఒకటి చెప్పాలని కారణాలమ్మ వెతికింది, ఒక్క ముక్కా దొరకలేదు. సంచిని రెండు చేతులా ఒళ్ళోకి లాక్కుని అలాగే కూర్చుంది.